మా అబ్బాయి కారూ... నా కుట్టుమిషనూ

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళని ఏం చూశారని అడిగితే నయాగరా జలపాతం, స్వేచ్ఛా విగ్రహం, వైట్‌హౌసు అని వరసపెట్టి చెబుతారు. మేమూ అవన్నీ చూశాం, ఫోటోలూ దిగాం. కానీ 2023లో అక్కడున్న ఆర్నెల్లలో నేను ఎక్కువసేపు గడిపింది మాత్రం మా అబ్బాయి ఇంటి గ్యారేజీలో! నవ్వకండి. అరవై రెండేళ్ళ వయసులో నేను ఓ స్పోర్ట్స్ కారు సీటు కవరు విప్పి, లోపలి స్పాంజి కోసి, మళ్ళీ కుట్టి వచ్చాను.

మా అబ్బాయి ఉండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీ అనే ఊళ్ళో. మనవాళ్ళు బాగానే ఉన్నారు, గోంగూరకీ దోసకాయకీ లోటు లేదు. మేం వెళ్ళేసరికి కోడలికి మూడోనెల. పురిటికి వాళ్ళమ్మగారు వస్తారు కాబట్టి ముందు ఆర్నెల్లూ మా వంతు. వీసాల పుణ్యమా అని వియ్యపురాళ్ళిద్దరం వంతులేసుకోవాల్సిందే కదా.

గ్యారేజీ అంటే మనకి మెకానిక్ షాపు గుర్తొస్తుంది. అక్కడ అది ఇంటికి ఆనుకుని ఉండే గది, కార్లు పెట్టుకునేందుకు. ఒకవైపు కోడలి కారు నిగనిగలాడుతూ ఉంది. రెండోవైపు చక్రాలు ఊడదీసి, నాలుగు ఇనప స్టాండ్ల మీద నిలబెట్టిన ఓ చిన్న ఎర్రకారు. పైన టాపు లేదు. రెండే సీట్లు. దీపాలు పైకి లేచి కప్ప కళ్ళలా చూస్తున్నాయి. మావారు ఓసారి చుట్టూ తిరిగి "ఇదేమిట్రా, యాక్సిడెంటు కారు చవగ్గా వచ్చిందని కొన్నావా?" అన్నారు. వాడి మొహం చూడాలి!

అది మాజ్డా మియాటా, 1991లో తయారైంది. ఈ రకం కారుని 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో మొదటిసారి చూపించారట. 1.6 లీటర్ల ఇంజను, 116 గుర్రాల శక్తి. బరువు టన్నుకి అటూ ఇటూ అంతే. దీన్ని తయారుచేయించిన తోషిహికో హిరాయ్ అనే జపాను ఇంజనీరు గుర్రమూ రౌతూ ఒక్కటే అన్నట్టు ఉండాలి బండి అనే మాట పట్టుకుని ప్రతి భాగమూ తేలిగ్గా ఉండేలా చూశాడట. 2016 నాటికి ఈ పేరు మీద పదిలక్షల కార్లు తయారయ్యాయి. అందుకే పాతవాటికి కూడా సామాన్లు దొరుకుతాయి, లోపల మెలికలు తిరిగిన కంప్యూటర్లు లేవు కాబట్టి ఇంట్లోనే విప్పుకుని మార్చుకోవచ్చు. ఇదంతా వాడు నాకు భోజనాల దగ్గర చెప్పేవాడు. కోడలు మాత్రం కారు మాట రాగానే కంచం తీసుకుని లేచిపోయేది. అది నా కళ్ళబడకుండా ఎలా ఉంటుంది?

నేను గ్యారేజీలోకి అడుగుపెట్టింది కారు మీద ప్రేమతో కాదు. వారమంతా ఆఫీసు, శనాదివారాలు గ్యారేజీ... కొడుకుతో నాలుగు మాటలాడాలంటే అక్కడికే పోవాలి మరి. ఓరోజు గేరురాడ్డు చుట్టూ ఉండే తోలు తొడుగు చిరిగిపోయిందని, కొత్తది ఆర్డరు ఇవ్వబోతున్నాడు. ఇటివ్వమని తీసుకుని చూశాను. నాలుగు ముక్కలు కలిపి కుట్టిన గలీబు, అంతే! ఆది జాకెట్టు ఇస్తే జాకెట్టు కుట్టనా? కుట్లు విప్పి, ముక్కల్ని కాగితం మీద పరిచి గీసుకున్నాను. పాత సామాన్లు అమ్మే కొట్లో ఓ తోలు కోటూ, నలభై డాలర్లకి పాత సింగరు మిషనూ దొరికాయి.

తోలు కుట్టాలనుకునే వాళ్ళకి రెండు మాటలు. గుండుసూదులు గుచ్చకూడదు, తోలుకి పడిన బెజ్జం మళ్ళీ పూడదు. బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోవాలి. సూది 18 నంబరుది వేసి, కుట్టు కాస్త పొడుగ్గా పెట్టుకోవాలి, దగ్గర దగ్గరగా కుడితే కాగితం చింపినట్టు ఆ బెజ్జాల వరసనే చిరుగుతుంది. దళసరి చోట మోటారు వాడకుండా చక్రం చేత్తో తిప్పుకోవడమే. నూలుదారం ఎండకీ చెమటకీ చీకిపోతుంది కాబట్టి పాలిస్టరు దారం మేలు.

ఆ తొడుగు చూసి వాడు మురిసిపోయి, ఆ ఆదివారం నన్ను బ్రేకాయిలు మార్చే పనికి కూడా పిలిచాడు. అది ఇద్దరు చేయాల్సిన పని. నేను డ్రైవరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకుంటే, వాడు చక్రం దగ్గర చిన్న మర విప్పుతాడు. పాత ఆయిలూ గాలిబుడగలూ గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. "తొక్కమ్మా... పట్టుకో... వదులు" అంటూ నాలుగు చక్రాలకీ అదే మంత్రం. మర బిగించకముందే కాలు తీశామా, గాలి మళ్ళీ లోపలికి పోతుంది. బ్రేకాయిలు గాల్లో తేమని పీల్చుకుంటుందట. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిందంటే ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. గట్టిగా బ్రేకులు వేస్తూ పోతే అది మరిగి ఆవిరై, పెడలు తుస్సుమని లోపలికి పోతుంది. మన కార్లకీ ఇదే సూత్రం. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు బ్రేకాయిలు ఎప్పుడు మార్చారని అడగండి. ఇంట్లో ఎవరూ అడగరు ఆ మాట! ఇంకోటి, ఆ ఆయిలు చుక్క పడితే రంగు లేచిపోతుంది, పక్కన తడిగుడ్డ పెట్టుకోవాలి.

ఇలా నేను కారులో పడిపోవడం కోడలికి కష్టంగా ఉన్నట్టుంది. ఓ పొద్దున్న కాఫీ కలుపుతుంటే వెనకాలే వచ్చి నిలబడింది. "అత్తయ్యా, మీరు చెబితే తను వింటారు. ఆ కారు అమ్మేయమనండి" అంది. డబ్బు గురించేమో అనుకున్నాను. కాదు.

తనకి పదేళ్ళప్పుడు వాళ్ళ పెదనాన్నగారబ్బాయి స్నేహితులతో కలిసి జీపులో శ్రీశైలం వెళుతూ ఘాట్‌రోడ్డులో పోయాడట. జీపు పల్టీ కొట్టింది. పైన గుడ్డ టాపే. మిగిలిన నలుగురూ చేతులూ కాళ్ళూ విరిగినా బతికి బయటపడ్డారు. అందరిలోకీ అతనే పొడుగట. "అన్నయ్యని ఇంటికి తెచ్చినప్పుడు మొహం చూపించలేదత్తయ్యా మాకు" అంది. మా అబ్బాయి ఆరడుగుల ఒక అంగుళం. ఆ కారులో కూర్చుంటే ముందు అద్దం పైఅంచుకి సమంగా ఉంటాయి కళ్ళు. అది ఆమె రోజూ చూస్తోంది, నేనే ఆ దృష్టితో చూడలేదు. పైగా వాడు నెలకోసారి ఆదివారం పెద్ద పార్కింగు స్థలంలో ప్లాస్టిక్కు గుంజల మధ్య వంకరటింకరగా, ఒక్కో కారూ గడియారం పెట్టుకుని తిరిగే పోటీలకి వెళుతున్నాడు. అది పరవాలేదు, హెల్మెట్టు పెడతారు, వేగమూ మరీ ఎక్కువుండదు. ఆ ఏడు చివర్లో వర్జీనియాలో అసలు రేసుట్రాకు మీదికే వెళదామని వాడి ఉబలాటం. 1957 నుంచీ ఉన్న పేరున్న ట్రాకు అది, నార్త్ కరోలినా సరిహద్దు దాటగానే వస్తుంది.

కొడుకు పక్షమా, కోడలి పక్షమా? నన్నడిగితే అత్తగార్లు అలా ఆలోచించడం మొదలెడితే ఇల్లు రెండుగా చీలుతుంది. అమ్మేయమని నేను చెబితే వాడు అమ్మేసేవాడే. నా మాట మీద అమ్మేసిన కారు వాళ్ళిద్దరి మధ్యా నూరేళ్ళూ నిలబడి ఉండేది.

ఆ రాత్రి గ్యారేజీకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. ఆఫీసులో బోనసు వచ్చింది, టర్బో పెట్టిద్దామనుకుంటున్నానని ఉత్సాహంగా చెబుతున్నాడు. అదేమిట్రా అంటే, ఇంజనులోంచి బయటికి పోయే పొగతోనే ఓ చిన్న పంకా తిరిగి, లోపలికి గాలిని గట్టిగా తోస్తుందట. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, శక్తీ పెరుగుతుంది. "మన కట్టెలపొయ్యి ఊదుగొట్టమే కదురా" అన్నాను. అంతేనన్నాడు. మంట పెరిగితే రేడియేటరు, క్లచ్చి, బ్రేకులు అన్నీ పెద్దవి కావాలి, అన్నిటికీ కలిపి నాలుగువేల డాలర్ల పైమాటే.

"ఉన్న మంటకే పట్టకారు లేదు, ఊదుగొట్టం దేనికిరా? ఇది తిరగబడితే నీ తల ఎక్కడుంటుందో చెప్పు" అన్నాను.

వాడు చాలాసేపు స్పానరు తుడుస్తూ కూర్చున్నాడు. జీపు సంగతి వాడికి తెలుసు. దానికీ ఈ కారుకీ ముడిపెట్టి చూసుకోలేదంతే. తరవాత నెమ్మదిగా, దీనికి సీట్ల వెనక పెట్టే ఇనప కమాను ఉంటుందమ్మా, రోల్ బార్ అంటారు, టాపు లేని కార్లని అది లేకుండా చాలామంది ట్రాకు మీదికి రానివ్వరు కూడా అన్నాడు. మరి అది ముందు కొనాల్సింది కదా? వచ్చే ఏడాది చూద్దామనుకున్నాడట! మగపిల్లలు ఇంతే. వంటింట్లో గ్యాసు గొట్టం మార్చకుండా కొత్త మిక్సీ కొనే రకం.

మర్నాడు ఆ ముక్క కోడలికి వాడే చెప్పాడు, నేను కలగజేసుకోలేదు. ఆమె సాఫ్ట్‌వేరు పిల్ల కదా, రెండు రోజులు తనూ చదువుకుని ఓ కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించింది. బార్, దానికి గట్టి స్పాంజి తొడుగు, బెల్టులు, టైర్లు. టర్బో పేరు అందులో లేదు. తొడుగు ఎందుకంటే రోడ్డు మీద మామూలుగా వెళ్ళేటప్పుడు హెల్మెట్టు ఉండదు, వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఆ ఇనప కమ్మీకే తల తగులుతుంది. రక్షణకి పెట్టిందే ప్రాణం తీస్తుందన్నమాట. ఈ సంగతి పట్టింది కోడలే.

బార్ బిగించడానికి రెండు శనివారాలు పట్టింది. వెనక చక్రాల గూళ్ళ దగ్గరా, అడుగు రేకుకీ బెజ్జాలు వేసి, కింద ఇనప పలకలు పెట్టి బోల్టులు బిగించారు వాడూ, వాడి స్నేహితుడూ. ఒక నియమం మాత్రం వాడు తప్పలేదు, జాకీ మీద ఒక్కదాని మీదే ఉన్న కారు కిందికి ఎప్పుడూ దూరలేదు. కింద స్టాండ్లు పెట్టి, ఓసారి ఊపి చూసుకున్నాకే.

ఇంతకీ అసలు పరీక్ష బార్ పెట్టాక ఉంది. చీపురు పరీక్ష! నిజంగానే దాని పేరు అదే. పొడుగు చీపురు కర్రని బార్ పైనుంచి ముందు అద్దం పైఅంచు దాకా అడ్డంగా పెట్టాలి. కారు తలకిందులైతే నేల ఆ కర్ర ఉన్నచోటికి వస్తుందన్నమాట. కింద కూర్చున్న మనిషి హెల్మెట్టు ఆ కర్రకి రెండంగుళాలైనా కిందకి ఉండాలి. వంటింట్లోంచి చీపురు తెచ్చింది కోడలే. అప్పటికి అయిదోనెల. వాడు హెల్మెట్టు పెట్టుకుని, బెల్టు బిగించుకుని నిటారుగా కూర్చున్నాడు. ఓ కొస మావారు పట్టుకున్నారు, రెండో కొస కోడలు. కర్ర టక్‌మని హెల్మెట్టుకి తగిలింది.

ఎవరూ మాట్లాడలేదు. కోడలు చీపురు గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది సీటు. మనిషిని పొట్టి చేయలేం, సీటుని చేయగలం. ఈ కారున్న పొడుగువాళ్ళు లోపలి స్పాంజి కోసేసుకుంటారట, దానికి ఆపరేషను పేరు లాంటిదేదో పెట్టుకున్నారు కూడా. నాలుగు బోల్టులు విప్పితే సీటు బయటికి వచ్చేసింది. తలవాల్చే చోట చిన్న స్పీకర్లున్నాయి, వాటి వైర్లు ముందు ఊడదీయాలి. అడుగున కవరుని ఫ్రేముకి పట్టి ఉంచే ఇనప రింగుల్ని పటకారుతో కత్తిరించాం. కవరు వెనక్కి తిప్పితే స్పాంజి దిమ్మ కనబడింది. కత్తెరతో కోస్తే ఎగుడుదిగుళ్ళు వస్తాయి. అక్కడివాళ్ళు పండగకి టర్కీకోడిని కోసే కరెంటు కత్తి ఉంటుంది, రెండు రంపాలు ఎదురుబొదురుగా ఆడుతుంటాయి. దానితో అయితే స్పాంజి వెన్నలా తెగుతుంది. మా శాకాహారపు కొంపలోకి ఆ కత్తి వచ్చిందంటే మావారు రెండురోజులు గ్యారేజీ వైపు రాలేదు!

కోత ఎక్కడన్నదే అసలు కిటుకు. అంతా ఒకేలా కోస్తే తొడల కింద ఆధారం పోయి, గంటసేపు కూర్చునేసరికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ముందువైపు అంచు అలాగే ఉంచాలి. పక్క గట్లు కూడా వదిలేయాలి, అవి పోతే కవరు ముడతలు పడుతుంది. కూర్చున్నప్పుడు ఎముకలు ఆనే చోట మాత్రమే గిన్నెలా తీయాలి. స్కెచ్‌పెన్నుతో గీసుకుని, ముప్పావంగుళం చొప్పున పలకలుగా తీశాను. ఒకేసారి తీస్తే మళ్ళీ అతికించలేం. తీయడం, సీటు బిగించడం, చీపురు పెట్టి చూడడం, మళ్ళీ విప్పడం. మొదటిసారి అంగుళంపావు వచ్చింది. రెండోసారి ఇంకాస్త లోతు చేసి, వీపు దగ్గర కూడా ఓ పొర తీశాను.

స్పాంజి తగ్గేసరికి కవరు వదులైంది. లోపలివైపు నుంచి రెండు టక్కులు వేసి కుట్టాను, జాకెట్టు నడుము దగ్గర వేసినట్టే. కవరు మళ్ళీ ఎక్కించేటప్పుడు స్పాంజికి పల్చటి ప్లాస్టిక్కు సంచి తొడిగితే జర్రున జారి కూర్చుంటుంది. ఎప్పుడైనా సోఫా దిళ్ళకి ప్రయత్నించి చూడండి.

ఆ సాయంత్రం కోడల్ని పిలవడానికి వాడికి ధైర్యం చాల్లేదు. నేనే పిలిచాను. ఆమె చీపురు వాడి చేతికీ ఇవ్వలేదు, నా చేతికీ ఇవ్వలేదు. మావార్ని ఓ కొస పట్టుకోమని, తనే ఇంకో కొస పట్టుకుంది. కర్ర నిలిచింది. వంటగది స్కేలు తెచ్చి, హెల్మెట్టు మీద నిలబెట్టి కొలిచింది. రెండంగుళాలు దాటి ఇంకో గీత. మళ్ళీ కొలిచింది. "వంగి కూర్చోలేదు కదా?" అని వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ మూడునెలల్లో ఆమె కారు పక్కన నిలబడి నవ్వడం అదే మొదటిసారి.

ఇది చదివి మన పిల్లలు కత్తులు పట్టుకుని కార్ల మీద పడకూడదు సుమండీ! ఆ కారు 1991 నాటిది, సీట్లలో ఏమీ లేవు. ఈ రోజుల్లో చాలా కార్లకి సీటు పక్కనే ఎయిర్‌బ్యాగు ఉంటుంది. అలాంటివాటికి బజారులో దొరికే దళసరి కవర్లు బిగుతుగా కుట్టిస్తే, ప్రమాదంలో ఆ బ్యాగు బయటికి రాలేదు. కవరు కుట్టించే ముందు సీటు పక్కన ఆ గుర్తుందేమో చూసుకోవాలి. పైగా మన దేశంలో చట్టం వేరు. కంపెనీ తయారుచేసిన వివరాలకి భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే చట్టం సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. మా ఆడపడుచు కొడుకు సైలెన్సరు మార్చి వీధంతా లేపుతుంటే ఈ ముక్క చెప్పాను. మర్నాడు పాత సైలెన్సరు మళ్ళీ బండికి ఎక్కింది.

అక్టోబరులో మేం వచ్చేశాం. నవంబరులో మనవరాలు పుట్టింది. వర్జీనియా ట్రాకు ఆ ఏడు కుదర్లేదు, పై ఏడు వసంతంలో వెళ్ళాడు. అక్కడి మనిషి కూడా చీపురు కర్ర లాంటిదే పెట్టి చూసి పంపాడట. టర్బో డబ్బుతో పిల్లకి ఉయ్యాలా, వెనక్కి తిరిగి ఉండే కారు సీటూ వచ్చాయి. ఆ సీటు కోడలి కారులోనే, ఎర్రకారులో పిల్లని ఎక్కించరు. ఆ మాట మీద ఇద్దరూ ఒకటే.

కోడలు గేర్ల కారు నడపడం నేర్చుకుంటోంది. తను అయిదడుగుల రెండంగుళాలు, ఆ సీట్లో కూర్చుంటే స్టీరింగు పైనుంచి రోడ్డు కనబడడం లేదట. కోసిన స్పాంజి పలకలు పారేయకుండా గ్యారేజీ అటకమీద దాచి వచ్చాను కదా, వాటితో దిండు కుట్టి, జారకుండా సీటుకి కట్టే పట్టీలు పెట్టాలి. ఈసారి వచ్చేటప్పుడు 18 నంబరు సూదులు రెండు పాకెట్లు తెమ్మని నిన్న ఫోను చేసింది.